నార్టన్ కమాండో బైక్‌లో ఆయిల్ ఎటు పోతోంది?

నాది 1972 నార్టన్ కమాండో, పాత బ్రిటిష్ బైక్. కొన్ని వారాలు తీయకపోతే ఆయిల్ ట్యాంక్ దాదాపు ఖాళీ, కిక్ కొడితే బరువు, స్టార్టయితే పొగే పొగ. పిస్టన్ రింగులు పోయినట్టేనా?

జవాబు 1: అప్పుడే ఇంజిన్ విప్పకండి. ఇది వెట్ సంపింగ్. ట్యాంక్ పైన ఉంటుంది కాబట్టి బండి ఊరికే నిలబడి ఉంటే పంపు గేర్ల సందుల్లోంచి ఆయిల్ మెల్లగా ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది, పంపు అరిగేకొద్దీ ఇంకా త్వరగా. కింద ప్లగ్ తీసి అక్కడ చేరిన ఆయిల్ వంపేసి, ట్యాంక్ నింపాకే కిక్ కొట్టండి.

జవాబు 2: ఆయిల్ పైపుకి ట్యాప్ బిగించమని ఎవరో ఒకరు చెప్తారు, వద్దండీ బాబూ! తెరవడం మర్చిపోతే ఆయిల్ అందక ఇంజిన్ సీజే.

జవాబు 3: పంపు విప్పేటప్పుడు మాత్రం మెట్రిక్ స్పానర్లతో కుస్తీ పడకండి, ఈ బండి బోల్టులు అంగుళాల కొలతవి, తలలు గుండ్రంగా అయిపోతాయి.