అంబేద్కర్ విగ్రహానికి కొబ్బరికాయ కొట్టడం సరైనదేనా?

నల్లరేగడి:
అందరికీ జై భీమ్. మాది గుంటూరు వైపు పల్లె, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఈసారి ఏప్రిల్ 14కి ఊరెళ్లాను. విగ్రహానికి పాలాభిషేకం, నుదుట కుంకుమ, కర్పూర హారతి. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు పీఠం మీద పోశారు. ఇదేంటని అడిగితే "మనకు ఆయనే దేవుడు కదా" అన్నారు. 1956లో నాగపూర్‌లో బౌద్ధం తీసుకుంటూ, హిందూ దేవుళ్లను పూజించబోమంటూ లక్షల మందితో 22 ప్రతిజ్ఞలు చేయించిన మనిషికి మనమిచ్చే మర్యాద ఇదేనా? 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ఆయనే చెప్పారు, మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గానీ రాజకీయాల్లో భక్తి మనల్ని దిగజార్చి నియంతృత్వానికి అప్పజెబుతుందని. ఆ మాట తెలిసినవాళ్లు కూడా కొబ్బరికాయ కొడుతుంటే చూస్తూ ఊరుకోవాలా?

వాడపిల్ల:
ఆ కొబ్బరికాయ కొట్టేది మా అమ్మలాంటివాళ్లు. చిన్నప్పుడు మా అమ్మ గుడి బయటే నిలబడి, కాయ నేల మీద పెట్టి వెనక్కి జరిగేది. లోపల ఎవరో కొట్టి చిప్ప విసిరితే పట్టుకునేది. ఇప్పుడు విగ్రహం దగ్గర తన చేత్తో తనే కొడుతుంది. అది ఆమెకు ఎంత గొప్పో మీకు ఏ ఉపన్యాసంలోనూ దొరకదు. ఇంకో మాట కూడా చెబుతున్నా. డీఎస్సీ రాసేముందు నా హాల్ టికెట్ ఆయన పాదాల దగ్గర పెట్టి వెళ్లాను. తాయెత్తు అంటారా, అనండి. ఆ రోజు నా చెయ్యి వణకలేదు.

ఏకలవ్య77:
మా వాడలో అందరం చర్చికే వెళ్తాం. పూలదండ వేస్తాం, కేకు కోస్తాం, అంతే. విగ్రహానికి దండం పెడితే పాస్టర్ గారు ఒప్పుకోరు. ఇక కొబ్బరికాయ సంగతి చెప్పాలా!

గట్టుమీదిచెట్టు:
మా దిక్కు జయంతి అంటే డప్పుల దరువు, ఊరేగింపు, అందరు కలిసి తినుడు. కాయ కొట్టేటోళ్లు కొడ్తరు, కొట్టనోళ్లు కొట్టరు. దీని మీద మాకైతే లొల్లి కాలే.

నల్లరేగడి:
చెల్లెమ్మా, మీ అమ్మగారి మీద నాకు గౌరవం ఉంది. కానీ హాల్ టికెట్ పాదాల దగ్గర పెట్టడమంటే ఆయన్ని ఇంకో గ్రామదేవత చేయడమే. మీ చెయ్యి వణకకపోవడం మీ చదువు వల్ల. ఆ ఘనత విగ్రహానికి ఎందుకివ్వాలి? 1943లో పూనాలో, సంఘసంస్కర్త రానడే జయంతి సభలో ఆయన వీరారాధన మీదే మాట్లాడారు. గాంధీ, జిన్నాల చుట్టూ చేరిన భక్తిని ఉతికి ఆరేశారు. అదే భక్తి తన చుట్టూ చేరితే ఒప్పుకునేవారా? పాలు, కుంకుమ పక్కన పెట్టండి. కొబ్బరికాయ ఒక్కదాని గురించే చెప్పండి.

తూర్పుగాలి:
మీరు సగమే చెబుతున్నారు. కొల్హాపూర్ బిందు చౌక్‌లో ఆయన విగ్రహం పెట్టింది 1950లో, ఆయన బతికుండగానే. 1954 డిసెంబర్ 25న పూనా దగ్గరి దేహూ రోడ్డు అనే ఊళ్లో బుద్ధుడి విగ్రహాన్ని తన చేతులతో ప్రతిష్ఠించారు. విగ్రహమంటే ఆయనకు గిట్టదనే మాట నిలవదు.

అసలు ఆ సిమెంటు బొమ్మకు శక్తి ఎవరిచ్చారు? దండం పెట్టేవాళ్లు సగం ఇచ్చారు, చెప్పుల దండ వేసేవాళ్లు మిగతా సగం ఇచ్చారు. 1997 జూలైలో బొంబాయి రమాబాయి కాలనీలో జరిగింది గుర్తులేదా? విగ్రహానికి చెప్పుల దండ వేశారని జనం రోడ్డెక్కితే పోలీసు కాల్పుల్లో 10 మంది పోయారు. అంతదూరం ఎందుకు, 2022 మే 24న అమలాపురంలో ఏమైంది? విగ్రహం కూడా కాదు, కోనసీమ జిల్లా పేరుకు ముందు ఆయన పేరు చేర్చడం గిట్టక మంత్రి ఇల్లే తగలబెట్టారు.

మా ఊళ్లో విగ్రహం తెచ్చి సెంటర్లో పెట్టబోతే అనుమతి లేదన్నారు. అదే సెంటర్లో ఇంకో నాయకుడి విగ్రహం ఏ కాగితం లేకుండా నిలబడి ఉంది. మన విగ్రహానికి గోనెసంచులు చుట్టి చర్చి వెనక పడుకోబెట్టాం. ఆడవాళ్లు అటు వెళ్లినప్పుడల్లా సంచి సర్ది వచ్చేవాళ్లు. దాన్ని మూఢనమ్మకం అనే ధైర్యం నాకు లేదు.

నల్లరేగడి:
విగ్రహం వద్దని నేను ఎక్కడన్నాను? కొబ్బరికాయ దగ్గరకు ఎవరూ రారేంటి? మా బ్యాంకులో ఒకాయన వాట్సాప్‌లో ఆ అభిషేకం వీడియో చూపించి "మమ్మల్ని తిడతారు, మీరూ ఇదే చేస్తారుగా" అని నవ్వాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

వాడపిల్ల:
ఇప్పుడు బయటపడింది. మీ బాధ బాబాసాహెబ్ గురించి కాదు, మీ పక్క సీటాయన నవ్వినందుకు. వాళ్లు నవ్వకుండా ఉండటానికి మా అమ్మ చేతిలో కాయ లాక్కుంటారా? చదువుకుని ఊరు దాటినవాళ్లు ఏడాదికోసారి వచ్చి, వాడలో ఉన్నవాళ్లకు నడవడిక నేర్పడం మాకు కొత్త కాదు. మా బాబాయే అలాంటివాడు.

అడ్మిన్:
వ్యక్తిగత మాటలు ఆపండి.

నల్లరేగడి:
ఆపను, ఇది చెప్పే ఆపుతాను. మా నాన్నను కాలవ గట్టు మీద పూడ్చాం. మా వాడకు శ్మశానం లేదు. ఉన్న కాస్త చోటు పక్క రైతు కలిపేసుకున్నాడు. ఆ స్థలం కోసం అర్జీ రాసి ఇంటింటికీ తిరిగితే సంతకాలకు వెనకాడారు. అదే విగ్రహానికి రంగులు, గ్రిల్లు, పీఠానికి గ్రానైటు అంటే ప్రతి ఇల్లూ చందా ఇచ్చింది. నాయకులు వస్తారు, దండ వేస్తారు, ఫొటో దిగి వెళ్తారు. హైదరాబాద్‌లో 125 అడుగుల విగ్రహం, విజయవాడలోనూ 125 అడుగులే. మాకు అర ఎకరం ఇవ్వరు. కొబ్బరికాయ కొట్టాక అందరికీ ఏదో సాధించామన్న తృప్తి వచ్చేస్తోంది. ఆ తృప్తి మీదే నా కోపం. పక్క సీటాయన మీద కాదు.

ఏకలవ్య77:
అన్నా, ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది.

వాడపిల్ల:
మీ నాన్నగారి సంగతి విని చాలా బాధేసింది. కానీ సంతకానికి వెనకాడింది కొబ్బరికాయ కొట్టినందుకా? అర్జీ మీద పేరు కనిపిస్తే మర్నాడు పొలం పనికి పిలవరని. విగ్రహానికి చందా ఇస్తే ఎవరిచ్చారో బయటకు తెలియదు. మీకు నెలకు జీతం వస్తుంది, వాళ్లకు రోజు కూలి. మా ఊళ్లో ఇళ్ల స్థలాల అర్జీ ఆ పీఠం మీద కూర్చునే రాశాం. పంచాయతీ ఆఫీసులో మాకు కుర్చీ వేయరు, ఇంకెక్కడ కూర్చోవాలి? భయపడినవాళ్లు కూడా అక్కడైతే వేలిముద్ర వేశారు. దాన్నే నేను శక్తి అంటున్నాను.

నల్లరేగడి:
మీ ఊళ్లో అర్జీ రాశారు. మా ఊళ్లో హారతి అయ్యాక మైకు కట్టేసి వెళ్లిపోయారు. నేను చూసింది నేను రాశాను.

గట్టుమీదిచెట్టు:
అన్నా, ఆ శ్మశానం జాగకు సర్వే నంబర్ ఉన్నదా? ఉంటే ముందుగాల తహసీల్దార్ ఆఫీసుల కొలతలకు దరఖాస్తు పెట్టున్రి.

తూర్పుగాలి:
ఒక్కటి అడగాలి. ఆ గ్రిల్లు తాళం చెవి ఎవరి దగ్గర ఉంది? మా దగ్గర పంచాయతీవాళ్లు తీసుకున్నారు. జయంతికి, వర్ధంతికే తెరుస్తారు. మిగతా రోజుల్లో పీఠం మీద ఎవరూ కూర్చోలేరు.

నల్లరేగడి:
మా దగ్గరా అంతే. సర్పంచ్ గారింట్లో ఉంది.

వాడపిల్ల:
అయితే చందా ఇచ్చిన ఇళ్లవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి ముందు ఆ తాళం చెవి అడగండి. ఈ అడగడానికి అర్జీ అక్కర్లేదు, పేరు రాయక్కర్లేదు. మా అమ్మ మాత్రం కాయ కొడుతూనే ఉంటుంది.

నల్లరేగడి:
తాళం చెవి అడుగుతాను. కొబ్బరికాయ విషయంలో నా మాట నాదే.