‘మూగ’ అన్న మాట వెనుక దాగిన చెవి

‘మూకం కరోతి వాచాలం’ (మూగవాణ్ణి మాటకారిని చేస్తుంది) అన్న శ్లోకపాదంలో ‘వాచాలం’ నిందా పదమా అని ఒకరు అడిగారు. తెలుగులో వాచాలుడంటే వదరుబోతే కాని, ఆ శ్లోకంలో మాత్రం చక్కగా మాట్లాడగలవాడనే అర్థం. నా మనసు దాని పక్కనున్న ‘మూక’ శబ్దం దగ్గర ఆగింది. మన ‘మూగ’ దాని తద్భవమే. పుట్టుకతో వినపడని బిడ్డకు సాధారణంగా నాలుకలోనూ గొంతులోనూ ఏ లోపమూ ఉండదు, వినని ధ్వనిని అనుకరించలేకపోవడమే మాట రాకపోవడానికి కారణం. అయినా ‘మూగ’ అనగానే లోపం నోటిదవుతుంది, చెవి మరుగున పడుతుంది.

బధిరులకు చదువు చెప్పిన ఐరోపావారి మాటల్లోనూ ఇదే తీరు కనిపిస్తుంది. 16వ శతాబ్దంలో స్పెయిన్‌లోని ఓన్యా మఠంలో పేద్రో పోన్సే దె లియోన్ అనే సన్యాసి, వెలాస్కో ప్రభువంశపు బధిర బాలురకు చదువు చెప్పాడు. ముందు వస్తువును వేలితో చూపి దాని పేరు రాయించి, ఆ తరువాతే అక్షరాలకు తగినట్టు నాలుక కదపడం నేర్పేవాడని సమకాలీన వైద్యుడు వాయేస్ రాశాడు. పుట్టుకతోనే చెవిటితనం, మూగతనం రెండూ ఉన్నవారు వీలునామా రాయరాదన్నది రోమన్ ధర్మశాస్త్రం కనుక, ఆనాడు మాట రావడం ఆస్తి హక్కుకు సంబంధించిన విషయం కూడా.

1620లో మాడ్రిడ్‌లో హువాన్ పాబ్లో బోనెట్ అచ్చువేసిన పుస్తకం పేరులో ‘మూగవారికి మాట నేర్పే కళ’ అని ఉంది. స్పానిష్‌లో ‘ఎమె’ అని పిలిచే అక్షరం పలికే ధ్వని ‘మ్’ మాత్రమే కనుక, పిల్లవాడికి అక్షరం పేరు కాక ధ్వనినే నేర్పాలన్నాడు. అక్షరం పేరూ ధ్వనీ దాదాపు ఒకటిగా ఉండి, కంఠ్య తాలవ్యాది స్థానాలను బట్టి వర్ణమాలను పేర్చుకున్న మనకు ఆ చిక్కు ఎంత పెద్దదో వెంటనే తట్టదు. నాలుక భంగిమలను చూపడానికి తోలుతో చేసిన నాలుకను వాడమన్న బోనెట్, అదే పుస్తకంలో చేతివేళ్ల అక్షరమాలను బొమ్మలతో సహా ఇచ్చాడు.

1692లో ఆమ్‌స్టర్‌డామ్‌లో యోహాన్ కాన్రాడ్ అమ్మాన్ తన లాటిన్ గ్రంథానికి పెట్టిన పేరు ‘సుర్దుస్ లోక్వెన్స్’, అంటే మాట్లాడే బధిరుడు. బోనెట్ పుస్తకం పేరులో లేని చెవి ఇక్కడ కనిపించినందుకు నాకు సంతోషమే. అయితే గొంతు పలుకునే భాషగా ఎంచే పట్టుదల అమ్మాన్‌లో బలంగా ఉంది. అదే ధోరణి 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన బధిర విద్యా మహాసభలో, బడుల్లో సంజ్ఞలకు బదులు నోటిమాటనే వాడాలన్న తీర్మానంగా మారి, ఎందరో పిల్లలకు సహజమైన భాషను దూరం చేసింది.

అందువల్ల బోనెట్ పుస్తకం పేరును తెలుగు చేసేటప్పుడు ఆయన కాలపు ఆలోచన తెలిసేలా ‘మూగవారు’ అనే ఉంచాలి. మన సొంత వాక్యాల్లో మాత్రం ‘బధిరులు’ అనే రాయాలని, సంజ్ఞా భాషలో సంభాషించేవారిని మూగవారని అనకూడదని నా అభిప్రాయం.