ఎర్ర రొయ్యలకు గోధుమ రంగు పిల్లలు పుడుతున్నాయి, జబ్బా?

ప్రశ్న (అనంతపురం):
అన్నలూ, అక్కలూ, అక్వేరియం ట్యాంకులో ఎర్ర చెర్రీ రొయ్యలు పెంచుతున్నాను. తర్వాత ముచ్చటపడి నీలం రంగువి కూడా అందులోనే వేశాను. ఇప్పుడు పుట్టే పిల్లలు చాలావరకు గోధుమ రంగులో ఉన్నాయి. కొన్నిటికి రంగే లేదు, లోపలి పేగు కూడా కనబడుతోంది. ఒక పెద్దదానికి తల వెనక పసుపు మచ్చ వచ్చింది. పోసేది బోరు నీళ్లే. ఏదైనా మందు వేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (కర్నూలు):
తమ్ముడూ, మందు జోలికి పోవద్దు. చేపలకు వాడే మందులు కొన్నిటిలో రాగి ఉంటుంది, అది రొయ్యల ప్రాణం తీస్తుంది. నువ్వు చెప్పినదాంట్లో జబ్బు లక్షణం ఒక్కటీ లేదు.

ఎరుపు, నీలం, పసుపు, నలుపు అని అమ్మే చెర్రీ రొయ్యలన్నీ నియోకారిడినా డేవిడి అనే ఒకే జాతి. చైనా, తైవాన్ వాగుల్లో బతికే అసలు రొయ్యది మట్టి రంగే. రంగున్నవాటిని ఏరి, వాటినే తరతరాలుగా జతకడితే ఈ రకాలు వచ్చాయి. రెండు రకాలను కలిపితే ఆ పాత రంగు మళ్లీ పైకి వస్తుంది. ఎర్రగా పుట్టిన పిల్లలను మాత్రమే ఉంచుకుందామనుకుంటావేమో, వాటిలోనూ ఆ గుణం దాగి ఉండొచ్చు. అందుకే మొదట తెచ్చిన పెద్ద ఎర్రవాటిని ఒక ట్యాంకులో, నీలంవాటిని ఇంకోదాంట్లో పెట్టు. ఇప్పుడు పొట్ట కింద మోస్తున్న గుడ్లు మాత్రం రెండు రకాలూ కలిసినవి కావచ్చు.

ఆ పసుపు మచ్చ చూసి సంతోషపడాలి. అది అండాశయంలో తయారవుతున్న గుడ్లు. పొట్ట కిందికి దిగాక మూడు నాలుగు వారాల్లో పిల్లలవుతాయి.

జవాబు (కడప):
అన్న చెప్పింది నిజం. భయపడాల్సినవి వేరే ఉన్నాయి. కండ పాలలా తెల్లబడి మందకొడిగా ఉంటే ఆ రొయ్యను వెంటనే వేరు చేయండి. పొట్ట కింద కాళ్ల మధ్య ఆకుపచ్చ పీచులాంటిది గుత్తిగా పట్టుకుంటే అది పరాన్నజీవి. గుడ్లయితే గుండ్రంగా, విడివిడిగా కనబడతాయి, తల్లి వాటిని కాళ్లతో విసురుతూ ఉంటుంది.

తెల్ల ఇసుక మీద, కొత్త నీళ్లలో వేసిన మొదటి రోజుల్లో రంగు వెలిసిపోతుంది. నల్ల ఇసుక వేస్తే ముదురుతుంది. మగవి మామూలుగా ఆడవాటికన్నా లేత రంగే.

బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) ఒకసారి చూపించండి. మరీ ఎక్కువగా ఉంటే ఆర్వో నీళ్లు కొద్దికొద్దిగా కలపాలి. ఒకేసారి మారిస్తే పెంకు విడిచేటప్పుడు చచ్చిపోతాయి. మన ఎండాకాలం ఇంకా కష్టం: నీళ్లు 30 డిగ్రీలు దాటితే ప్రాణవాయువు తగ్గుతుంది, నీటి మీదికి చిన్న ఫ్యాను పెట్టండి.

ప్రశ్న (అనంతపురం):
చాలా థ్యాంక్స్ అక్కా, అన్నా. మరి ఈ గోధుమవాటిని చెరువులో వదిలేయనా?

జవాబు (కర్నూలు):
వద్దు తమ్ముడూ. చెరువైనా, మా కేసీ కాలువైనా, బయటి దేశపు జాతిని మన నీళ్లలో కలపకూడదు. వేరే డబ్బాలో నాచు వేసి ఉంచు. రంగు లేకపోయినా నాచు తినడంలో అవేమీ తీసిపోవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగితే సంగతి చెప్పి ఇవ్వు.