టేబుల్ సైజు అంటే ఏ అంకె చెప్పాలి?

కృష్ణాతీరం: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మా ఇన్‌వాయిస్‌ల టేబుల్‌కి పీజీ_రిలేషన్_సైజ్ 38 జీబీ అంటోంది, పీజీ_టోటల్_రిలేషన్_సైజ్ 97 అంటోంది. మేనేజర్‌కి ఏది చెప్పాలి?

పాతకాపు: 97. రెండో మాటే లేదు. మొదటిది అసలు డేటా ఫైలునే లెక్కేస్తుంది. ఇండెక్సులు (వెతకడం వేగంగా సాగడానికి పెట్టే సూచికలు), టోస్ట్ (పెద్ద విలువలను విడిగా ఉంచే చోటు) అందులో రావు. వరుస సుమారు 2 కేబీ దాటితే పెద్ద విలువలు టోస్ట్‌లోకి పోతాయి. జేసన్ కాలమ్ ఉందా? బరువంతా అక్కడే ఉంటుంది.

రేపల్లె_కోడర్: ఇండెక్సులు టేబుల్ ఎలా అవుతాయండీ? పీజీ_టేబుల్_సైజ్ వాడాలి. టోస్ట్ కలుస్తుంది, ఇండెక్సులు కలవవు.

పాతకాపు: టేబుల్ డ్రాప్ చేస్తే ఎంత చోటు ఖాళీ అవుతుందో అదే దాని సైజు.

చిన్నోడు: మైసీక్వెల్ డేటాబేస్‌లో ఈ గొడవే లేదు. డేటా_లెంగ్త్, ఇండెక్స్_లెంగ్త్ విడిగా ఇస్తుంది.

రేపల్లె_కోడర్: మైసీక్వెల్ 8.0లో ఆ అంకెలు 24 గంటల దాకా పాతవే చూపించొచ్చు తమ్ముడూ. అంకెల్ని తాజా చేసే అనలైజ్ టేబుల్ నడిపి చూడు.

కృష్ణాతీరం: నిన్న మూడో వంతు వరుసలు డిలీట్ చేశాను. ఒక్క జీబీ తగ్గలేదు. అందుకే టెన్షన్.

పాతకాపు: ఇది ముందే చెప్పాలి కదా! మామూలు వాక్యూమ్ (డిలీట్ చేసిన వరుసల్ని శుభ్రం చేసే కమాండ్) ఆ చోటును కొత్త వరుసలకు ఇస్తుంది. ఫైలు చివరి పేజీలు ఖాళీ అయితే తప్ప డిస్క్‌కి తిరిగివ్వదు. టేబుల్‌ని కొత్త కాపీగా తిరగరాసే వాక్యూమ్ ఫుల్ చేయండి.

రేపల్లె_కోడర్: అంత తేలిగ్గా ఎలా చెప్తారు? అది నడిచినంతసేపూ సెలెక్ట్ కూడా ఆగిపోతుంది. కొత్త కాపీకి అదనంగా చోటు కావాలి. 2019లో ఒక సీనియర్ మాట విని పగలే నడిపాను. బిల్లింగ్ 40 నిమిషాలు ఆగింది. మెయిల్‌లో నా పేరే వచ్చింది.

పాతకాపు: పగలు చేయమని నేనెక్కడన్నాను?

రేపల్లె_కోడర్: రాత్రి చేయమనీ అనలేదు! మా దగ్గర ఒక టేబుల్‌కి 11 ఇండెక్సులు. మేం అడిగినవి 3. మిగతావి రిపోర్టుల కోసం డీబీఏలే (డేటాబేస్ చూసుకునేవాళ్లే) పెట్టారు. డిస్క్ నిండితే మాత్రం ‘మీ టేబుల్ తగ్గించండి’ అని మా మీదే పడతారు.

పాతకాపు: ఎవరి ఖాతాలో రాయాలన్నదా మీ బాధ? అయితే పీజీ_ఇండెక్సెస్_సైజ్ విడిగా చూపించండి, ఒప్పుకుంటాను. మొత్తం మాత్రం దాచొద్దు.

రేపల్లె_కోడర్: దాచమని నేనూ అనలేదు.

కృష్ణాతీరం: చూశాను. పీజీ_టేబుల్_సైజ్ 53 జీబీ, ఇండెక్సులు 44. పీజీ_స్టాట్_యూజర్_ఇండెక్సెస్‌లో 4 ఇండెక్సులకు ఐడీఎక్స్_స్కాన్ (ఎన్నిసార్లు వాడారన్న లెక్క) సున్నా. తీసేయొచ్చా?

పాతకాపు: 53లోంచి 38 తీస్తే టోస్ట్ 15 లోపే, బరువంతా అక్కడే అన్న నా అంచనా తప్పింది. ప్రైమరీ కీ, యూనిక్ ఇండెక్సుల జోలికి పోకండి. రెప్లికా (డేటాబేస్ నకలు సర్వర్) ఉంటే అక్కడ కూడా చూడండి, దాని లెక్క వేరే.