సొరోరిటీలో సేవ నిజమా, పేరుకేనా?

సుజాత, మేరీల్యాండ్:
మా అమ్మాయి కాలేజీలో సొరోరిటీలో చేరతానంటోంది. గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే అమ్మాయిల సంఘం అది, ఒక్కో కాలేజీలో ఒక చాప్టర్. సేవ చేస్తామంటారు. కానీ ఎవరిని చేర్చుకోవాలో వాళ్లే తేలుస్తారు, ఫీజు కూడా కట్టాలి. సేవ చేయడానికి ఇవన్నీ ఎందుకు?

రమణమూర్తి:
అవసరం లేదమ్మా. మన దగ్గర కాలేజీ పిల్లల సేవా పథకం ఎన్‌ఎస్‌ఎస్ 1969లో 37 యూనివర్సిటీల్లో 40 వేల మందితో మొదలైంది. పేరిస్తే చాలు. డిగ్రీలో ఉన్నప్పుడు క్యాంపుకెళ్లి చెరువుగట్టుకు మట్టి మోశాం, నువ్వెవరి పిల్లాడివని ఎవరూ అడగలేదు. ఎంపిక ఉన్నచోట కాదనిపించుకుని ఏడ్చే పిల్లా ఉంటుంది. పైగా చేరేటప్పుడు ర్యాగింగ్. అమెరికాలో దానివల్ల ప్రాణాలు పోయిన పిల్లలున్నారు.

ప్రసన్న:
అన్నిటినీ ఒకే గాటన కట్టకండి మూర్తి గారూ. 1908 జనవరి 15న వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థినులు ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకున్నారు. తెల్లవాళ్ల సంఘాలు వాళ్లను గడప తొక్కనివ్వని కాలం. 1913 జనవరిలో అందులోంచి 22 మంది విడిపోయి డెల్టా సిగ్మా తీటా మొదలుపెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 3న, మహిళల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. నల్లజాతి స్త్రీలు వెనక నడిస్తే బాగుంటుందని నిర్వాహకులు అనుకున్న ఊరేగింపు అది.

నాకు మరీ ఇష్టమైనది మిసిసిపీ కథ. 1935 వేసవిలో డాక్టర్ డొరొతీ ఫెరిబీ ఆధ్వర్యంలో ఆల్ఫా కప్పా ఆల్ఫా సభ్యులు హోమ్స్ కౌంటీకి కార్లలో వెళ్లారు. పత్తి చేలల్లో పనిచేసేవాళ్ల పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేద్దామని. కూలీలను క్లినిక్‌కు పంపడానికి భూస్వాములు ఒప్పుకోలేదు. అయితే మేమే వస్తామని మందులు కార్లలో పెట్టుకుని చేల దగ్గరికే వెళ్లారు. తుపాకులు పెట్టుకున్న కాపలావాళ్లు చుట్టూ తిరుగుతుండగానే టీకాలు వేశారు. ఆ పని 1942 దాకా సాగింది.

అది కాలేజీ పిల్లలతోనే అయ్యే పనా? ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లు, 240 గంటలు, చేతికి సర్టిఫికెట్. ఈ సంఘాల్లో పట్టా పుచ్చుకున్నాక కూడా సభ్యత్వం పోదు, పెద్దవాళ్లకు వేరే చాప్టర్లుంటాయి. ఫెరిబీ అప్పటికే పేరున్న డాక్టరు.

రమణమూర్తి:
మిసిసిపీ వెళ్లిన ఆ తల్లులకు దండం పెడతాను. కానీ వాళ్లకు వేరే తలుపు తెరిచి లేదు. ఇవాళ ఏడాదికొక రక్తదాన శిబిరం పెట్టి, మిగతా వారాలన్నీ పార్టీలు చేసుకునే చాప్టర్ ఆ చరిత్ర చూపించి పిల్లల్ని చేర్చుకోవడం న్యాయమా?

ప్రసన్న:
న్యాయం కాదు, ఒప్పుకుంటాను. అందుకే చాప్టర్‌ని చూసి చేరాలి. మా చాప్టర్ శనివారాలు ఒక ప్రైమరీ స్కూల్లో పిల్లలకు చదవడం నేర్పేది. ఆగస్టులో పద్నాలుగు మందిమి, డిసెంబరుకు ఐదుగురం. అయినా ఆగలేదు. ఆరేళ్ల కిందట చదువు ముగించిన అక్క ఒకామె మాకంటే ముందే వచ్చి స్కూలు మెట్ల మీద కూర్చుని ఉండేది. ఆమె మొహం చూసి మానేయలేకపోయాం. సుజాత గారూ, అలాంటి అక్కలు ఎంతమంది ఉన్నారో అడగమనండి. ర్యాగింగ్ మాట చెవిన పడితే మాత్రం వద్దనేయండి, ఇక ఆలోచించక్కర్లేదు.

సుజాత, మేరీల్యాండ్:
ఆదివారం ఫోన్ చేస్తుంది. ఈ రెండూ అడుగుతాను. ఎన్‌ఎస్‌ఎస్ లాంటిది వాళ్ల కాలేజీలో ఉందేమో కూడా చూడమంటాను మూర్తి గారూ.