స్టాంపు 6, కొలత 7*: రీఫేస్ చేసిన పాత టెనార్ మౌత్‌పీస్ కొనొచ్చా?

కొత్తరీడ్: టెనార్ శాక్సఫోన్‌కి పాత ఒట్టో లింక్ (Otto Link) కంపెనీ హార్డ్ రబ్బర్ మౌత్‌పీస్ ఒకటి అమ్మకానికి ఉంది. దాని మీద 6 అని స్టాంపు. రీఫేస్ చేయించాక, అంటే రీడ్ (ఊదితే కంపించే పల్చటి పుల్ల) ఆనే ముఖాన్ని మళ్లీ అరగదీయించాక, ఇప్పుడది 7* అంటున్నారు అమ్మేవాళ్లు. అసలు ఫేసింగ్ (రీడ్ నుంచి దూరంగా వంగే ఆ ముఖం వంపు) పోయాక దానికి పాతదన్న విలువ ఇవ్వాలా?

ఎబొనైట్: నన్నడిగితే అక్కర్లేదు. లింక్ టెనార్‌లో 6 అంటే టిప్ ఓపెనింగ్ (రీడ్ కొసకీ మౌత్‌పీస్ కొసకీ మధ్య సందు) 0.090 అంగుళం, 7* అంటే 0.105. తేడా 0.38 మిల్లీమీటరే. అయితే ఆ మేరకు రబ్బరు ఎక్కడ పోయిందన్నదే అసలు సంగతి. రైల్స్‌ని (రీడ్ ఆనే రెండు పక్క అంచుల్ని) టిప్ వైపు అరగదీస్తే టిప్ రైల్, అంటే కొస అంచు, వెడల్పవుతుంది. వెడల్పైతే స్వరం మొద్దుగా పలుకుతుంది, అందుకని వెనక నుంచి బాఫిల్‌ని (కొస వెనక లోపలి గోడని) ఆకురాయితో గీసి మళ్లీ సన్నం చేస్తారు. టిప్ వెనకున్న ఆ కొద్దిపాటి వంపులోనే ఉంటుంది పీస్ గొంతు, అంటే అది పలికే తీరు. ఫేసింగ్ మాత్రమే మారింది, గొంతు పాతదే అంటే ఎలా నమ్ముతాం?

గాజుపలక: ఎబొనైట్ గారూ, ఒరిజినల్ అన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు కదండీ. అవి చేత్తో గీసినవి, ఒకే నంబరున్న రెండు పీసులు ఒకేలా కొలవవు. పైగా దశాబ్దాల పాటు లిగేచర్ (రీడ్‌ని పట్టి ఉంచే పట్టీ) బిగింపుకి టేబుల్, అంటే రీడ్ ఆనే చదును భాగం, వంగి ఉంటుంది. స్టాంపు పక్కన పెట్టి కొలవండి.

గీతలున్న గాజు పలకని టేబుల్ మీద ఆనించి, 0.0015 అంగుళం ఫీలర్ రేకుని (మందం తెలిసిన పల్చటి లోహపు రేకుని) టిప్ వైపు నుంచి దోపండి. తొయ్యకూడదు, దానంతటది ఆగిన చోట రెండు రైల్స్ దగ్గరా అంకె చూడాలి. గాజు మీద ఒక్కో గీత అర మిల్లీమీటరు. టెనార్‌కి 44 నుంచి 50 మధ్య రావడం మామూలే. తర్వాత 0.010, 0.024, 0.050 రేకులతో అదే పని. అంకె ఎంతన్నది తర్వాత, ముందు ఎడమ కుడి రెండూ కలవాలి. అంకెలు ఒక్కసారిగా గెంతితే వంపులో గుంతో మిట్టో ఉన్నట్టు.

ఎబొనైట్: కొలత వద్దని ఎవరన్నారు? టేబుల్ ఎందుకు చదును చేశారో, ఎంత తీశారో కూడా అడగమంటున్నా. టేబుల్ అరిగితే టిప్ ఓపెనింగ్ తగ్గుతుంది, ఫేసింగ్ పొట్టిదవుతుంది. ఆ తగ్గింది పూడ్చడానికి మళ్లీ టిప్ కోస్తారు. అలా రెండు వైపులా రబ్బరు పోయిన పీసులు చాలా తిరుగుతున్నాయి. నల్లగా, కొత్తగా, సన్నటి సమాంతర గీతలతో మెరిసే టేబుల్ కనిపిస్తే, మిగతా ఒళ్లంతా ఆకుపచ్చ గోధుమ రంగులో ఉంటే, అక్కడ ఎమ్రీ పేపర్ నడిచినట్టే. మెటల్ లింక్ అయితే టేబుల్ మీద బంగారు పూత పోయి ఇత్తడి బయటపడుతుంది.

పామ్‌కీ: మీ ఇద్దరి గొడవలో షాంక్ (మౌత్‌పీస్ వెనక గొట్టం) సంగతి మరిచారు. శాక్సఫోన్ మెడకున్న మందం కార్క్ మీద బలవంతంగా ఎక్కిస్తే నిలువునా వెంట్రుకంత పగులు వస్తుంది. లోపల టార్చి పెట్టి తిప్పుతూ బయట నుంచి చూడండి. పొడవు తగ్గించడానికి షాంక్ కోసినవీ ఉంటాయి. ఛాంబర్ (లోపలి గుల్ల) గీకి పెద్దది చేసి ఉంటే మౌత్‌పీస్‌ని కార్క్ మీద ఇంకా లోపలికి తొయ్యాల్సి వస్తుంది. కార్క్ అయిపోయినా శ్రుతి కిందనే ఉందంటే ఆ పీస్ మీ వాద్యానికి పనికిరాదు.

రీడ్ పెట్టి, షాంక్ అరచేత్తో మూసి, గాలి పీల్చి వదిలితే రీడ్ కాసేపు అతుక్కుని ‘టప్’మని ఊడాలంటారు. అది నమ్మి కొనకండి. బాగా నానిన మెత్తటి రీడ్ వంకర రైల్స్ మీదైనా అతుక్కుంటుంది. అతుక్కోకపోతే మాత్రం రీడ్ మార్చి చూసి, అప్పుడు పీస్‌ని అనుమానించండి.

గాజుపలక: అవును, ఆ పరీక్ష ఫెయిలైతేనే పనికొచ్చే సమాచారం. ఇంకోటి, రంగు పోయిందని వేడినీళ్లలో ముంచేవాళ్లున్నారు. రబ్బరు ఇంకా ఆకుపచ్చగా మారుతుంది, టేబుల్ వంగుతుంది. గోరువెచ్చనిది కూడా వద్దు, చల్లనీళ్లే.

కొత్తరీడ్: అడిగితే కొలతలు పంపారు. 0.0015 దగ్గర ఎడమ 48, కుడి 46. మిగతా మూడు రేకులకీ రెండు వైపులా సమానం. టిప్ 0.104. టిప్ రైల్ మూలలో చిన్న పెచ్చు.

గాజుపలక: వంపు మొదట్లో ఆ రెండు గీతల తేడాకి భయపడక్కర్లేదు, సరిచేయించుకోవచ్చు. కానీ గాజు మీద టేబుల్ పెట్టి వేలితో నొక్కితే ఊగుతోందా? అది అడగండి.

ఎబొనైట్: పెచ్చు ఫొటో పక్క వెలుగులో, టిప్‌కి ఎదురుగా తీసి పంపమనండి. రైల్ వెడల్పులో సగం దాటి ఉంటే అక్కడే గాలి కారి కీచుమంటుంది. దాన్ని తీసేయాలంటే టిప్ మళ్లీ కోయాలి, ఓపెనింగ్ ఇంకా పెరుగుతుంది. అప్పుడు 7* కూడా కాదు, 8 అవుతుంది.