మా మిన్నుకి రెండోసారి పిల్లలు పెట్టించాలా వద్దా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

గోదారి గట్టు:
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి. మా ఇంట్లో మిన్ను అని తెల్ల పమేరియన్ ఉంది. అసలు ఇది పమేరియన్ కాదు, ఇండియన్ స్పిట్జ్ అని డాక్టరు గారు అంటారు, మన ఊళ్ళలో పమేరియన్ అని పెంచుకునేవి చాలావరకు ఇవేనట. వచ్చే నెలకి ఐదేళ్ళు నిండుతాయి, ఆరు కిలోలు ఉంటుంది.

రెండేళ్ళ క్రితం ఒకసారి క్రాసింగ్ చేయించాం. నాలుగు పిల్లలు పెట్టింది, ఒకటి రెండో రోజే చనిపోయింది. మిగతా మూడూ బాగా పాలు తాగుతున్నాయి కదా అని నిశ్చింతగా ఉన్న టైంలో, పద్దెనిమిదో రోజు సాయంత్రం నుంచి మిన్ను ఒకటే ఎగశ్వాస, పిల్లల దగ్గర పడుకోదు, ఇల్లంతా తిరుగుతోంది. ఎండాకాలం కదా ఉక్కకి అనుకున్నాం. రాత్రి పదకొండింటికి కాళ్ళు కొయ్యబారిపోయి పక్కకి పడి ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. మా ఆయన దాన్ని తువ్వాలులో చుట్టి బండి మీద తీసుకెళ్తుంటే నేను వెనక కూర్చుని దాని నాలుక పళ్ళ మధ్య పడకుండా చూస్తూ ఏడుస్తూనే ఉన్నాను. కాల్షియం పడిపోయిందని సెలైన్‌లో చాలా నెమ్మదిగా ఎక్కించారు, తెల్లారేసరికి లేచి నిలబడింది. పిల్లల్ని మళ్ళీ తల్లి దగ్గరికి వదలొద్దన్నారు. ఆ తర్వాత మూడు వారాలు రాత్రుళ్ళు కూడా లేచి సీసాతో మేమే పట్టాం.

ఇప్పుడు మళ్ళీ ఎదకి వచ్చే టైం దగ్గర పడింది. మా ఆడపడుచు ఒక పిల్ల కావాలంటోంది, ఎదురింటివాళ్ళు అడుగుతున్నారు, మా పాపకి ఆ బుల్లి పిల్లలు మళ్ళీ కావాలి. అత్తయ్య గారు కూడా "దానికీ బిడ్డల మీద ప్రేమ ఉంటుంది కదమ్మా" అంటున్నారు. నాకు మాత్రం ఆ రాత్రి కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. రెండోసారి పెట్టించినవాళ్ళు ఉంటే ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పండి.

బుజ్జిగాడి అక్క:
మాది హచ్ కుక్క అండి, అదే పగ్. మొదటి కాన్పే సిజేరియన్ అయింది, తలకాయలు పెద్దవి, తల్లికి దారి చిన్నది. కుట్లు ఆరకముందే పిల్లలు పాలకోసం పొట్ట మీద ఎగబడుతుంటే అది మూలుగుతూ కూడా పక్కకి జరగలేదు. అది చూశాక మళ్ళీ ఆ ఆలోచనే చేయలేదు. ఆపరేషన్, మందులు, పిల్లల టీకాలు కలిపి మాకు ముప్పై వేలు దాటింది. డబ్బు వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

స్పిట్జ్ ప్రేమికుడు:
నేను కొంచెం వేరేగా చెప్తాను, తప్పుగా అనుకోవద్దు. మాది వరంగల్. మా స్పిట్జ్‌కి రెండుసార్లు పిల్లలు పెట్టించాం, రెండుసార్లూ బాగానే జరిగింది, ఇప్పుడు దానికి పదకొండేళ్ళు, హాయిగా ఉంది. కానీ మేం చేసినవి చెప్పాలి. మొదటి కాన్పుకీ రెండోదానికీ మధ్య రెండేళ్ళు వదిలేశాం. క్రాసింగ్‌కి ముందు రక్త పరీక్ష, మోకాలి చిప్ప పక్కకి జారుతోందా లేదా అని కాళ్ళు చూపించాం. చిన్న జాతుల్లో అది ఎక్కువ, పిల్లలకీ వస్తుంది. మగకుక్కని కూడా చూపించమని వాళ్ళని అడిగితే మొదట కోపం తెచ్చుకున్నారు, తర్వాత చూపించారు. నెల రోజులకి స్కానింగ్, యాభై ఏడో రోజు ఎక్స్‌రే. ఎక్స్‌రేలో వెన్నెముకలు లెక్కపెడితే ఎన్ని పిల్లలో తెలిసిపోతుంది, అప్పుడు నాలుగోది బయటికొచ్చాక ఇంకోటి లోపల ఉందా అనే టెన్షన్ ఉండదు. చివరి వారం రోజుకి రెండుసార్లు టెంపరేచర్ చూసి కాగితం మీద రాసుకున్నాం, 99 ఫారన్‌హీట్ కంటే కిందికి పడితే ఒక రోజు లోపే నొప్పులు మొదలవుతాయి. పిల్లల్ని పుట్టినప్పటి నుంచి రోజూ వంటింటి కాటా మీద తూచాం, బరువు పెరగని పిల్ల ఉంటే ఆ రోజే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఏ పిల్ల ఎవరింటికి వెళ్తుందో క్రాసింగ్‌కి ముందే మాట్లాడుకున్నాం. ముగ్గురు అడిగారు, నాలుగు పుట్టాయి, నాలుగోది మా దగ్గరే ఉంది.

అయితే గోదారి గట్టు గారూ, మా దానికి మీ మిన్నుకి వచ్చినట్టు ఫిట్స్ రాలేదు. వచ్చుంటే రెండోసారి చేయించేవాణ్ణి కాదు.

తెల్లకోటు:
నేను గన్నవరం వెటర్నరీ కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్నాను, డాక్టర్ని ఇంకా కాలేదు కాబట్టి మీ డాక్టరు గారి మాటే ఫైనల్ అనుకోండి. అక్కా, మిన్నుకి వచ్చినదాన్ని ఎక్లాంప్సియా అంటారు. చిన్న కుక్కల్లో, పిల్లలు ఎక్కువ ఉన్నప్పుడు, ముఖ్యంగా కాన్పయిన మొదటి నాలుగు వారాల్లో వస్తుంది, ఎందుకంటే అప్పుడే పాలు బాగా దిగుతాయి. పాలలోకి పోయే కాల్షియం అంత వేగంగా ఎముకల్లోంచి రక్తంలోకి రాదు. ఒకసారి వచ్చిన తల్లికి తర్వాతి కాన్పులో మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ.

ఇంకో విషయం అడగాలి, మిన్ను కడుపుతో ఉన్నప్పుడు కాల్షియం సిరప్ ఏమైనా పట్టారా? చాలామంది బలం అని పడతారు. మెడలో పారాథైరాయిడ్ అని చిన్న గ్రంథులు ఉంటాయి, కాల్షియం తగ్గితే ఎముకల్లోంచి తీసి రక్తంలోకి పంపే పని వాటిది. బయటి నుంచి రోజూ పోస్తుంటే అవి మందగిస్తాయి, పాలు దిగే రోజు వచ్చేసరికి ఒక్కసారిగా అందుకోలేవు. అందుకే గర్భంలో మంచి తిండి చాలు, సొంతంగా కాల్షియం వద్దంటారు.

మన దేశంలో 2017లో వచ్చిన కుక్కల బ్రీడింగ్ రూల్స్ ప్రకారం బ్రీడర్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, 18 నెలలు నిండని ఆడకుక్కకి క్రాసింగ్ చేయించకూడదు, ఏడాదిలో ఒక్క కాన్పే, ఎనిమిది వారాల లోపు పిల్లని అమ్మకూడదు. ముప్పై రోజుల పిల్లల్ని బుట్టలో పెట్టి అమ్మేవాళ్ళని రోజూ చూస్తూనే ఉంటాం, మా కాలేజీ హాస్పిటల్‌కి పార్వో అనే వైరస్ జబ్బుతో వచ్చే పిల్లల్లో అలాంటివి చాలా ఉంటాయి.

గోదారి గట్టు:
తమ్ముడూ, నువ్వడిగింది చదివి కాసేపు అలా ఉండిపోయాను. పట్టాం. రోజూ రెండు పూటలా, పాలల్లో కలిపి. ఎవరూ చెప్పలేదు, పక్కింటి వాళ్ళు వాళ్ళ కుక్కకి పట్టారని మేమూ పట్టాం. మంచే చేస్తున్నాం అనుకున్నాను.

అయితే ఈసారి సిరప్ పట్టకుండా, పిల్లలకి మూడో వారం నుంచే పలుచగా గంజిలా చేసి పెడుతూ తల్లి మీద భారం తగ్గిస్తే కుదురుతుందా? మా ఆయన ఇదే అడుగుతున్నారు.

తెల్లకోటు:
భారం తగ్గుతుంది అక్కా, అలాగే చేయమంటారు కూడా. కానీ మళ్ళీ రాదని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరు.

లక్కీ వాళ్ళ నాన్న:
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మాది అనంతపురం దగ్గర చిన్న టౌను. లక్కీ మొదటిసారి ఐదు పిల్లల్ని ఇంట్లోనే మంచం కింద సులువుగా పెట్టింది, మేం చేసిందేమీ లేదు, తెర చింపడం, బొడ్డు కొరకడం, నాకి శుభ్రం చేయడం అన్నీ అదే చేసుకుంది. అందుకే రెండోసారి స్కానింగూ తీయించలేదు, ఎక్స్‌రే తీయించలేదు. అనుభవం ఉన్న తల్లి కదా అనుకున్నాం. అదే నా తప్పు.

ఈసారి కడుపులో ఉన్నది ఒక్కటే పిల్ల. ఒక్కటే అయితే అది బాగా పెరిగిపోతుందట, పైగా నొప్పులు కూడా సరిగ్గా రావట. అరవై ఐదు రోజులు దాటినా ఏమీ లేదు. అరవై ఆరో రోజు రాత్రి ముదురు ఆకుపచ్చ నీళ్ళు పోయాయి, పిల్ల రాలేదు. అది మాయ విడిపోయినదానికి గుర్తనీ, పిల్ల బయటికి రాకముందే ఆ రంగు కనబడితే నిమిషాల మీద డాక్టర్ దగ్గర ఉండాలనీ నాకు తెలియదు. తెల్లారాక చూద్దాంలే అనుకున్నాను. పొద్దున ఆపరేషన్ చేయగలిగే డాక్టర్ దొరికేసరికి తొమ్మిదిన్నర. పిల్ల లోపలే పోయింది. లక్కీ ఆపరేషన్ తర్వాత రెండు రోజులు బతికింది. మూడో రోజు మధ్యాహ్నం నా చేతిలో నుంచి రెండు ముద్దలు పెరుగన్నం తిని, సాయంత్రం పోయింది.

ఆ పిల్ల కోసం అడిగిన మా బావమరిది వాళ్ళు తర్వాత నెలలోనే వేరే చోట కుక్కని తెచ్చుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు, వాళ్ళకి కుక్క కావాలి, దొరికింది. మాకు లక్కీ మాత్రం ఇంకెక్కడా దొరకలేదు.

మీకు ఒక్కటే అడుగుతాను అమ్మా. రాత్రి రెండింటికి సిజేరియన్ చేసే డాక్టర్ మీ ఇంటికి అరగంట దూరంలో ఉన్నాడా? లేకపోతే వద్దు.

డాలస్ తెలుగమ్మాయి:
లక్కీ నాన్న గారూ, చదివి ఏడుపొచ్చింది. మీరు రాసినందుకు థ్యాంక్స్, ఇది ఎవరో ఒకరి కుక్కని కాపాడుతుంది.

మేం ఇక్కడ టెక్సస్‌లో షీట్జూని తీసుకున్నప్పుడు బ్రీడర్ కాగితం మీద సంతకం పెట్టించుకుంది, పిల్లలు పెట్టించకూడదు, స్పే అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, మేం ఎప్పుడైనా పెంచలేకపోతే తిరిగి ఆమెకే ఇవ్వాలి అని. మొదట అమ్మకి వింతగా అనిపించింది, డబ్బు కట్టి కొన్న కుక్క మీద ఆమెకి హక్కేంటి అని. ఇప్పుడు ఆ చివరి షరతే నాకు బాగా నచ్చింది. గోదారి గట్టు గారూ, మీరిచ్చిన మూడు పిల్లలు ఇప్పుడెలా ఉన్నాయి?

పద్మక్క:
నాకు అరవై రెండేళ్ళు, ఇంట్లో కుక్క లేని రోజు లేదు. ఒక్కసారైనా తల్లి కాకపోతే ఆడకుక్కకి గర్భసంచి జబ్బులు వస్తాయని మా కాలంలో గట్టిగా నమ్మేవాళ్ళం. మా జూలీ మూడుసార్లు పిల్లల్ని పెట్టింది, అయినా ఎనిమిదో ఏట ఎద అయిపోయిన నెలన్నరకి గర్భసంచిలో చీము పట్టింది. బిందెడు నీళ్ళు తాగేది, అన్నం ముట్టేది కాదు. పయోమెట్రా అన్నారు. సంచి తీసేస్తేనే బతికింది. పిల్లలు పెట్టడం వల్ల ఆ జబ్బు రాకుండా ఉండదని అప్పుడు తెలిసింది. మీ అత్తగారికి ఇది చదివి వినిపించు తల్లీ, పెద్దదాన్ని చెప్పానని చెప్పు.

గోదారి గట్టు:
వారం తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి. పద్మక్క గారూ, మీరు రాసింది అత్తయ్య గారికి చదివి వినిపించాను. మా పుట్టింటి కుక్క కూడా అలాగే నీళ్ళు తాగి తాగి పోయిందమ్మా, ఎందుకో అప్పుడు తెలియలేదు అన్నారు. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

డాలస్ చెల్లి అడిగిన ప్రశ్నకి జవాబు కోసం ముగ్గురికీ ఫోన్ చేశాను. తునిలో మా పిన్నివాళ్ళ దగ్గర ఒకటి మహారాణిలా ఉంది. రెండోది కాకినాడలో, అదీ బాగానే ఉంది. మూడోది మా ఆయన ఆఫీసులో ఆయనకి ఇచ్చాం, ఆ మూడు వారాలు నేను సీసాతో పాలు పట్టింది అదే, కుడి చెవి మీద లేత గోధుమరంగు మచ్చ ఉండేది. వాళ్ళు అపార్ట్‌మెంట్‌కి మారాక బాల్కనీలో కట్టేశారట, అరుస్తోందని పక్కవాళ్ళు గొడవపడితే ఎవరికో ఇచ్చేశారట. ఆ ఎవరో ఎవరికిచ్చారో తెలియదట. ఎంత అడిగినా అంతే చెప్పారు. నాలుగు రోజులు తిరిగాం. దొరకలేదు.

అందుకని పెట్టించడం లేదు. మా ఆడపడుచుకి చెప్పాను, మొదట చిన్నబుచ్చుకుంది, తర్వాత తనే దత్తతకి ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోమంది. పాపకి సర్దిచెప్పడానికే కష్టమైంది, ఆ చెవి మచ్చ పిల్ల సంగతి చెప్పాక అది కూడా వెతకడానికి మాతో వచ్చింది.

స్పే ఆపరేషన్‌కి బుధవారం డేట్ తీసుకున్నాం, రక్త పరీక్షలు బాగున్నాయి. కానీ ఈ పొద్దున దుప్పటి మీద రక్తం చుక్కలు కనబడ్డాయి, ఎద మొదలైపోయింది. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే రక్తస్రావం ఎక్కువ అవుతుంది, రెండు మూడు నెలలు ఆగుదాం అన్నారు డాక్టరు గారు. తమ్ముడూ, ఈ లోపల ఎన్ని రోజులు జాగ్రత్తగా ఉండాలి?

తెల్లకోటు:
పూర్తిగా మూడు వారాలు అక్కా, వీలైతే ఇంకో నాలుగు రోజులు ఎక్కువే. ఈ రోజు తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. తొమ్మిదో రోజు తర్వాత రక్తం పలచబడి ఆగిపోయినట్టు ఉంటుంది, అందరూ అయిపోయిందనుకుని అప్పుడే వదిలేస్తారు, అసలు కడుపు నిలిచేది ఆ రోజుల్లోనే. డాబా మీద కూడా ఒంటరిగా వదలొద్దు, బయటికి గొలుసు లేకుండా వద్దు. వీధి మగకుక్కలు ఎంత గోడైనా ఎక్కేస్తాయి.

లక్కీ వాళ్ళ నాన్న:
గేటు కింద ఖాళీ కూడా చూసుకోండమ్మా.

గోదారి గట్టు:
చూశాం అండి. గేటు కింద ఇటుకలు పేర్చాం. పెరట్లో నీళ్ళు బయటికి పోవడానికి గోడకి ఒక కన్నం ఉంది, పిల్లి దూరేంత. రేపు పొద్దున్నే మేస్త్రీ వచ్చి దానికి జాలీ బిగిస్తానన్నాడు. ఈ రాత్రికి మిన్ను నా మంచం పక్కనే.